తెల్ల సంకేతం

విశాఖ యుద్ధ సమాచార కేంద్రంలో నూకరత్నం తెర మీద వెలిగిన తెల్ల సంకేతాన్ని వేలితో తుడిచేసి, చల్లారిన టీ ఒక గుక్క తాగింది. నీలం సంకేతం వస్తే సర్కారు జవాను పోయినట్టు. అప్పుడు దీపవిరామం మీట నొక్కాలి. విశాఖ అంతా ఒక్క నిమిషం చీకటవుతుంది. జనం గడపల్లో ప్రమిదలు పెట్టి "పేరేటి?" అని అడుగుతారు, వీధి మైకుల్లో పేరు చెప్పాలి. చట్టం అది. తెల్లది వస్తే డబ్బుకు పోరాడే అద్దె దళంలో ఒకరు పోయినట్టు. కాగితాల్లో మాత్రం 'ఒప్పందం ముగిసింది' అని రాస్తారు. తుడిచేస్తే చాలు.

నీలం వెలిగి ఏళ్ళయింది. దీవుల యుద్ధం మాత్రం ఆగలేదు.

పనిలో చేరిన కొత్తలో ఈ తేడా ఏమిటని అడిగితే, పై అధికారి పురుషోత్తం గారు నవ్వేశారు.

"పాము చావాలి, కర్ర విరగకూడదు కదమ్మా. అద్దె కర్రయితే విరిగినా అడిగేవాడుండడు. ఊరు చీకటైతేనే కదా, యుద్ధం ఎందుకని జనానికి గుర్తొచ్చేది!"

ఆ సాయంత్రం వెలిగిన తెల్ల సంకేతం కింద పేరు చూసి ఆమె వేలు ఆగిపోయింది. బోనెల గౌరునాయుడు.

దీవి మీద ఆమె అప్పట్లో పనిచేసిన రాడార్ కేంద్రం కూలిన రోజున, కాలు నలిగి పడివున్న ఆమెను వీపున కట్టుకుని సముద్రం దాకా మోసిన మనిషి. "గట్టిగా పట్టుకో చెల్లీ, కిందకి సూడకు" అన్నాడు దారి పొడవునా. పడవలో ఆమెకు తెలివొచ్చేసరికి మరొకరి కోసం వెనక్కి వెళ్ళిపోయాడు. ఆ తరువాత ఆమె తాగిన ప్రతి టీ గుక్కా అతని చలవే. ఒక్క మాట చెప్పుకునే వీలే దొరకలేదు.

ఆమె మీట నొక్కింది.

విశాఖ ఆరిపోయింది. కొండవాలు ఇళ్ళ ముందు ఒక్కొక్క ప్రమిదే వెలగసాగింది. నూకరత్నం మైకు అందుకుని పేరు చెప్పింది. చివర్న, చట్టంలో లేని మాట కూడా చెప్పింది. "నన్ను బతికించినావన్నా. దండాలు నీకు."

పురుషోత్తం గారు పరుగున వచ్చారు. "ఏం చేశావమ్మా! అద్దె మనిషికి దీపవిరామమా? ఉద్యోగం పోవడమే కాదు, జైలు కూడా!"

"తెలుసు బాబూ. నాను బతికింది ఆ అద్దె కర్ర ఊతంతోనే."

దీపాలు తిరిగొచ్చినా జనం గడపలు వదల్లేదు. ఇన్నాళ్ళూ ఎవరూ పోలేదన్నారే, మరి ఇతనెవరని వీధివీధినా అడుగుతున్నారు. మంత్రిగారి ఫోను ఆగకుండా మోగుతోంది.

అంతలో తెర మీద మరో తెల్ల సంకేతం వెలిగింది. తుడిచేయబోయిన పురుషోత్తం గారి చెయ్యి సగంలో ఆగింది. కిటికీలోంచి ప్రమిదల వైపు చాలాసేపు చూశారు.

"ఇతని పేరేంటమ్మా?" అన్నారు మెల్లగా.