కొండ నెత్తిన వాగు

ఇలాంటి మరిది పగవాళ్లకి కూడా వద్దు. పాత మ్యాపులు బాగుచేయడం అతని వృత్తి, నా డైనింగ్ టేబుల్ అతని ఆఫీసు. మూడు నెలలుగా మేం కంచాలు ఒళ్లో పెట్టుకుని తింటున్నాం. టేబుల్ మీద ఒక కొండా, దాని వాగులూ, రెండు రిజర్వాయర్లూ ఆరుతున్నాయి మరి.

ఎనభై ఏళ్లనాటి ఆ మ్యాపు నీటి సరఫరా ఆఫీసుది. పని చూడ్డానికి అక్కడి ఇంజనీరమ్మాయి వచ్చింది. గొడుగైనా మూయకముందే అడిగింది.

"ఈ నీలం గీత ఎవరు గీశారు?"

"నేనే. చెమ్మకి వెలిసిపోతే మళ్లీ సిరా పెట్టాను. వాగండీ."

"ఎత్తులు చూపే ఈ కాంటూర్ గీతల మొనలు పల్లం వైపు తిరిగాయి, చూడండి. అంటే ఇది గుట్ట వెన్ను. మీ వాగు కొండ నెత్తినెక్కి నడుస్తుందా?"

"పదేళ్లుగా మ్యాపులు చూస్తున్నానండీ."

"ఆరేళ్లుగా నేను నీళ్లు చూస్తున్నాను. ఇంతవరకూ పైకి పారలేదు."

అప్పట్నుంచి ప్రతి శనివారం తనిఖీ, తనిఖీకో తగువు. ఆ రోజు మావాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ జిగురు కలిపేవాడు. ఎందుకని నేనడగలేదు. అడిగితే సరదా ఏముంది?

మొన్న శనివారం ఆ అమ్మాయి, "సోమవారం నుంచి నాకు పై రిజర్వాయర్ దగ్గర డ్యూటీ," అంది.

"వెళ్లకండి... అంటే, వెళ్లండి. నన్ను పెళ్లి చేసుకుని వెళ్లండి."

నేను వంటింట్లో కుళాయి కట్టేశాను. వినబడాలిగా.

"వరదప్పుడు లెక్క తప్పితే తప్పిందని వెంటనే చెప్పాలి. పంతానికి పోతే కింద ఊళ్లు మునుగుతాయి. మీరు మూడు నెలల్లో ఒక్క గీత గురించి ఒప్పుకోలేదు. అలాంటివారితో కాపురమా?"

గొడుగు తీసుకుని వెళ్లిపోయింది.

"ఏం నాయనా, ఇంకా అది వాగేనా?" అన్నాను.

"కాదు వదినా. మొదటి వారమే తెలిసింది. సిరా కింద చుక్కల గీత కనబడింది. రెండు రిజర్వాయర్ల నీళ్లని విడదీసే హద్దు అది."

"మరి చెప్పవేం?"

"చెప్తే తనిఖీ అయిపోతుంది. ఇంక ఎందుకొస్తుంది?"

"తెలివి తెల్లారినట్టే ఉంది. నాకు కాదు, వెళ్లి ఆవిడకి చెప్పు!"

వానలో చెప్పుల్లేకుండా పరిగెత్తాడు. నేను కిటికీ తెరిచాను. సగం వీధి కూడా తెరిచింది.

"తప్పు నాదే! అది వాగు కాదు! చెప్తే మీరు రారేమోనని దాచాను!"

మా ఎదుటి బస్టాపులో ఆ అమ్మాయి కాసేపు అతన్ని తడవనిచ్చింది. తర్వాత గొడుగు అతని మీదికి వంచింది.

"మా ఆఫీసు రూలు ప్రకారం తనిఖీ ఒక్కసారే. మిగతా పదకొండుసార్లూ వచ్చిన తప్పు నాదే."