మూడో షెడ్డులో ఎర్ర చార

ఆ సందు చివర వరసగా మూడు షెడ్లు, బళ్లు పెట్టుకోవడానికి అద్దెకిచ్చేవి. మొదటి రెండింటి కోసం జనం ఎగబడేవాళ్లు. మూడోదాని ముందు నుంచి నడవాల్సి వస్తే మాత్రం అవతలి గోడ పట్టుకుని పోయేవాళ్లు.

ఎందుకని అడిగితే గొంతు తగ్గించేవాళ్లు. లోపల ఎవరో పోయారట... ఎలా పోయారో ఒక్కొక్కరు ఒక్కోలా చెప్పేవాళ్లు. రాత్రిళ్లు తలుపు సందుల్లో దీపం కదులుతోందట. ఎవరో గుటకలు వేస్తున్నట్టు చప్పుడట. తెల్లారేసరికి తలుపు కింద నుంచి ఎర్రగా ఒక చార బయటికి పాకి ఉంటోందట.

మిగతావాటి సంగతి ఏమో గానీ, ఎర్ర చార అబద్ధం కాదు. మా పిన్ని దాన్ని వేలితో తాకింది. వాసన చూసింది. నాకు ఇదంతా చెప్పింది కూడా ఆవిడే.

పిన్ని గేర్‌బాక్సుల మెకానిక్. అందరూ గేరమ్మ అంటారు. నలుగురిలో కూర్చున్నా ఆవిడ చెవి రోడ్డు మీద పోయే బండి మీదే ఉంటుంది.

ఒకరోజు లెక్కల మాస్టారు ఒకాయన వర్క్‌షాపుకి వచ్చాడు. నెల కిందట ఆ పేటలో దిగాడు. చవగ్గా దొరికిందని మూడో షెడ్డు తీసుకుని, తన పాత కారు అందులో పెడుతున్నాడు. క్లచ్ లేని కారు, గేర్లు వాటంతటవే పడతాయి. దాని వయసు ఆయన ఉద్యోగం వయసంత. వారానికి మూడుసార్లు భార్యని ఆస్పత్రికి తీసుకెళ్లాలి, కిడ్నీల జబ్బు. ఆ కారు ఒక్కరోజు మొరాయించినా ఆవిడ ప్రాణం మీదికి వస్తుంది.

"రోజూ పొద్దున కారు కింద రక్తం మడుగమ్మా," అన్నాడు.

"రక్తం కాదు మాస్టారూ, గేరాయిల్. ఈ రకం బళ్లలో పోసేది ఎర్రగానే ఉంటుంది."

"అది నాకూ తెలుసు. కానీ దానంతటది కారుతోందా, ఎవరైనా కార్పిస్తున్నారా?"

పిన్ని తలెత్తి చూసింది. ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"మా బావమరిది. ఈ కారు అమ్మేయ్, ఆ డొక్కుతో మా అక్కని చంపేస్తావు అని మొదట్నుంచీ గొడవ. షెడ్డు చూపించింది వాడే. రెండో తాళంచెవి వాడి దగ్గరే ఉంది."

పదిహేను రోజుల కిందట బావమరిదిని మొహం మీదే అడిగేశాడట. వాడు అన్నం ముందు నుంచి లేచి వెళ్లిపోయాడు. అప్పట్నుంచీ భార్య మాస్టారితో మాట్లాడటం లేదు. కారులో పక్కనే కూర్చుంటుంది — కిటికీలోంచి బయటికి చూస్తూ.

పిన్ని కారు అడుగంతా కిరసనాయిలుతో కడిగి తుడిచింది. ఎక్కడినుంచి కారుతోందో తెలియాలంటే ముందు పాత మరకలు పోవాలి కదా. తర్వాత ఇంజన్ వేడెక్కేదాకా పేటంతా తిప్పింది. వర్క్‌షాపులో తెల్ల అట్ట పరిచి దానిమీద నిలబెట్టింది. మధ్యమధ్యలో స్టార్ట్ చేసి చూస్తూనే ఉంది.

సాయంత్రం దాకా ఒక్క చుక్క పడలేదు.

రాత్రికి అదే అట్ట మూడో షెడ్డులో పరిచి కారు పెట్టించింది. పొద్దున వెళ్లి చూస్తే... అట్ట తడిసి ముద్దయింది. ఎర్రగా.

అది కాదు పిన్నిని కంగారుపెట్టింది. ఇంజన్ వేడిచేసి, నడుస్తుండగానే లెవెల్ చూసే పుల్ల బయటికి లాగింది. కారింది కాబట్టి లెవెల్ తగ్గాలి. తగ్గలేదు. నిండుగా ఉండాల్సిన గీతకి రెండు వేళ్లు పైన ఉంది.

"కారిన కొద్దీ పెరుగుతోంది," అంది పిన్ని. "ఎవరో పోస్తున్నారు."

"చెప్పలేదూ!" అన్నాడు మాస్టారు. "వాడే. ఏం కలిపి పోస్తున్నాడో."

పుల్ల చివరున్న చుక్కని పిన్ని వేళ్ల మధ్య రుద్దింది. మంచి ఆయిలే. చెడగొట్టేవాడు మంచి ఆయిల్ ఎందుకు పోస్తాడు? తలుపు చూసింది. తాళం మీద ఒక్క గీతైనా లేదు. దాంతో మాస్టారి మీద కూడా అనుమానం వచ్చిందట ఆవిడకి. బావమరిది మీదికి నెట్టడానికి ఈయనే నాటకం ఆడుతున్నాడేమో?

ఎవరినీ నమ్మబుద్ధి కాలేదు.

"ఇవాళ రాత్రి నేను కారులో పడుకుంటా," అంది. "ఎవరికీ చెప్పకండి. మీ ఇంట్లో కూడా."

బయట తాళం వేయించుకుని, వెనక సీట్లో కాళ్లు ముడుచుకుని పడుకుంది. చేతిలో టార్చి. పక్కన పెద్ద పానా.

కాసేపు చల్లారుతున్న ఇంజన్ టిక్కుటిక్కుమంది. అదీ ఆగిపోయింది. తర్వాత ఇక తన ఊపిరి చప్పుడే.

ఎంతసేపయిందో...

టప్.

కారు కిందే. సరిగ్గా తన నడుము కింద నుంచి.

టప్... టప్...

ముట్టుకున్నవాళ్లు లేరు. ఇంజన్ నడవడం లేదు. అయినా కారుతోంది. పిన్నికి భయంలోనూ బుర్ర పనిచేసింది — ఈ బండి నిలబడితేనే కారుతుంది! గేర్‌బాక్సు ముందుండే గుండ్రటి డబ్బాలో చాలా ఆయిల్ ఉంటుంది. గంటల తరబడి కదలకపోతే అది మెల్లగా అడుగు తొట్టిలోకి దిగుతుంది. తొట్టిలో మట్టం పెరిగి, గేరు రాడ్డు లోపలికి పోయే పక్క కన్నం దాకా వస్తుంది. అక్కడి రబ్బరు సీలు ఎండి పగిలితే బయటికి దారే. పగలు తను మాటిమాటికీ స్టార్ట్ చేసింది కాబట్టి ఆయిల్ దిగలేదు. అంతే!

కారడానికి దెయ్యం అక్కర్లేదు. హమ్మయ్య అనుకుంది.

అప్పుడు తాళం తిరిగింది.

చడీచప్పుడూ లేకుండా... రోజూ తిప్పే చేయి తిప్పినట్టు.

తలుపు జానెడు తెరుచుకుంది. తెల్లగా ఏదో లోపలికి జరిగింది. తల నుంచి పాదాల దాకా తెలుపే. చేతిలో చిన్న దీపం. మొహం ఉండాల్సిన చోట నీడ.

పిన్ని పానా పట్టుకోబోయింది. వేళ్లు ముడుచుకోలేదు.

అది కారు ముందుకొచ్చి నిలబడింది. పాత కారు కదా, బానెట్ బయటినుంచే తెరుచుకుంటుంది. కిర్రుమని లేచి అద్దానికి అడ్డంగా నిలబడింది. ఇప్పుడు పిన్నికి ఏమీ కనపడదు. వినపడుతుంది, అంతే.

గుట... గుట... గుట...

ఆ చప్పుడు మీదుగా గుసగుస. బిడ్డకి పాలు పట్టేవాళ్ల గొంతు.

"తాగు... కడుపు నిండా తాగు... ఇంకెవర్నీ కిందకి పిలవకు."

పిన్ని తలుపు తోసుకుని దిగి టార్చి వేసింది.

దుప్పటి కప్పుకున్న ముసలావిడ. ఒక చేతిలో సన్నటి గరాటు. ఇంకో చేతిలో తుప్పు పట్టిన ఆయిల్ డబ్బా. షెడ్డుకి ఎదురుగా బట్టలు కుట్టే ఆవిడ. ముందటి నెలే పిన్ని ప్యాంటు అంచు మడిచి కుట్టిచ్చింది.

ఆవిడ బెదరలేదు. టార్చి వెలుతుర్లో కళ్లు చికిలించి, "గేరమ్మా... నువ్వా? కారు కింద దూరావా?" అంది. ఆ గొంతులో వణుకు అప్పుడు వచ్చింది.

"లేదక్కా. సీట్లో ఉన్నా."

"దూరకు."

అంటూ నేల మీద కూలబడిపోయింది.

ఈ షెడ్డు ఆవిడ భర్తదట. ఆయనా మెకానిక్కే. ఒక సాయంత్రం ఏదో వ్యాను కింద పడుకుని, కాఫీ పెట్టవే వస్తున్నా అని కేకేశాడు. ఆవిడ కాఫీ కలుపుతుండగా జాకీ జారింది. చప్పుడు వినపడింది గానీ సామానేదో పడిందనుకుంది. కాఫీ చల్లారాక చూడటానికి వచ్చింది.

ఆయన పోయాక షెడ్డు చేతులు మారింది. తాళం మాత్రం ఎవరూ మార్చలేదు, ఆయన తాళంచెవి ఆవిడ దగ్గరే ఉండిపోయింది. ఆయన కొనిపెట్టిన ఎర్ర ఆయిల్ డబ్బాలు ఆవిడ మంచం కింద అలాగే ఉన్నాయి. మాస్టారు కారు పెట్టిన మొదటివారం అడుగున చిన్న మరక చూసింది. ఆయిల్ తగ్గితే బండి ఆగుతుంది. ఆగితే ఎవరినో పిలుస్తారు. ఆ పిలిచినవాడు ఇక్కడే, ఇదే నేల మీద, వీపు ఆనించి కిందకి దూరతాడు...

అందుకే పోస్తోంది. రోజూ. ఆయిల్ ఎక్కువైన కొద్దీ మడుగు పెద్దదవుతోంది. మడుగు పెద్దదైన కొద్దీ ఇంకాస్త పోస్తోంది.

తెల్లారాక పిన్ని విషయం చెబితే మాస్టారు నిలువునా నీరైపోయాడు. అక్కడికక్కడే బావమరిదికి ఫోన్ చేశాడు. "అది కాదురా... అది కాదు..." అంటూ నిలబడ్డాడట. సాయంత్రం ఆస్పత్రికి భార్యని బావమరిది బండిలోనే తీసుకెళ్లారు, ముగ్గురూ కలిసి.

కారుని పిన్ని తన వర్క్‌షాపుకి పట్టుకెళ్లింది. అక్కడ జాకీ అక్కర్లేదు. నేలలో మనిషి నిలబడేంత గొయ్యి ఉంది. కారు నాలుగు చక్రాల మీద పైనే ఉంటుంది, పిన్ని మెట్లు దిగి అడుగున నిలబడి పని చేసుకుంటుంది.

కుట్టే ఆవిడ కూడా వస్తానంది. ముక్కాలిపీట మీద గొయ్యి అంచున కూర్చుంది. ఎంత చెప్పినా కదల్లేదు.

పిన్ని ఎక్కువున్న ఆయిల్ వంచేసింది. రాడ్డు విప్పి పాత సీలు పీకింది. అది ఎండిన తొక్కలా వేళ్లలో పెళుసుగా విరిగింది. కొత్తదాని అంచుకి ఆయిల్ రాసి, వంకర పోకుండా కుదురుగా తట్టింది.

ఆ పనంతా అయ్యేదాకా పైనుంచి ఆవిడ అడుగుతూనే ఉంది.

"ఉన్నావా?"

"ఉన్నానక్కా."

కాసేపాగి, "ఉన్నావా?"

"ఉన్నా."

పని అయిపోయింది. పిన్ని మెట్లెక్కి వచ్చి, చేతులు తుడుచుకుంటూ ఆవిడ పక్కనే నిలబడింది. ఆవిడ తలెత్తి పిన్నిని చూసింది. చిన్నగా నవ్వింది కూడా. మళ్లీ ఖాళీ గోతిలోకి వంగింది.

"ఉన్నావా?" అంది మెల్లగా.

పిన్నికి ఏమీ వినపడలేదట. ఒట్టేసి చెప్తుంది.

ఆవిడ మాత్రం కాసేపు చెవి ఒగ్గి విని... తలూపి... "సరే, కాఫీ పెడతా," అని లేచింది.