అర్థం ఆఖర్న చెప్పాలి

పొద్దున్నే కూతురికి జడ అల్లుతూ ఆమె మళ్లీ పాఠం అప్పజెప్పించుకుంటోంది. జుట్టు లాగినప్పుడల్లా పిల్ల ఒక మాట మింగేస్తోంది.

“ఈ కవిత ద్వారా కవి శ్రమ విలువను చాటిచెప్పి, మానవాళికి…”

“ఊఁ, మానవాళికి?”

“కర్తవ్యబోధ చేశాడు. నొప్పమ్మా.”

ఇంట్లోనూ బడిలోనూ ఆ పిల్లను గువ్వ అనే పిలుస్తారు. పెద్దవాళ్లు బడికి వచ్చి వెనక బెంచీల్లో కూర్చుని పాఠం చూసే రోజు అది. ఎప్పుడూ తండ్రే వెళ్లేవాడు. ఈసారి ఆయనకు డ్యూటీ పడింది. తొమ్మిదో తరగతి సగంలో చదువు ఆగిపోయిన ఆమెకు బడి అన్న మాట వింటేనే అరచేతులకు చెమటలు పడతాయి. పిల్లకు తనలా కాకూడదని గైడు కొనుక్కొచ్చి, పుస్తకంలోని కవితకు అర్థం బట్టీ పట్టించింది.

“మా టీచరు అర్థం ముందు చెప్పొద్దంటారు,” అంది గువ్వ. “ముందు పైకి చదవాలి. తర్వాత ఏం కనిపిస్తోందో చెప్పాలి. ఎవరు ఎవరితో అంటున్నారో చూడాలి. మాట ఎక్కడ మలుపు తిరిగిందో పట్టుకోవాలి. అర్థం ఆఖర్న.”

“నువ్వలా ఊరంతా తిరిగొచ్చేలోగా పక్క పిల్ల చెయ్యెత్తేస్తుంది. అర్థం చేతిలో ఉంటే అవన్నీ ఎందుకే?”

“వదిలెయ్యమ్మాయ్,” అంది అత్తగారు టీ ఊదుకుంటూ. “ఇంకాసేపైతే దానికి జుట్టూ మిగల్దు, బుర్రా మిగల్దు.”

తరగతి గదిలో ఆమె చివరి బెంచీలో, గోడకు ఆనుకుని కూర్చుంది. చుట్టూ ఇస్త్రీ చీరలు, ఆఫీసు బ్యాడ్జీలు. టీచరు పుస్తకం తెరవలేదు. బోర్డు మీద ఎవరూ చదవని కవిత ఒకటి రాసింది.

*తలుపు తట్టబోయి
చెయ్యి వెనక్కి తీసుకున్నాను.
లోపల నవ్వుతున్నారు.
నేను వెళితే ఆపేస్తారేమో.*

“గువ్వా, నీకేం కనిపిస్తోంది?”

పిల్ల లేచి వెనక్కి తిరిగి తల్లిని చూసింది. చెప్పు, చెప్పు అని ఆమె పెదాలు కదిపింది. గువ్వ ముందుకు తిరిగి, కళ్లు మూసుకుని ఒక్క గుక్కలో అనేసింది. “ఈ కవిత ద్వారా కవి శ్రమ విలువను చాటిచెప్పి మానవాళికి కర్తవ్యబోధ చేశాడు.”

పిల్లలు గొల్లుమన్నారు. వెనక బెంచీల్లో ఎవరో పెద్దాయన కూడా నవ్వాడు.

టీచరు మాత్రం నవ్వలేదు. “అర్థానికి తొందర లేదమ్మా. ఇంటి నుంచి వచ్చినవాళ్ల సాయం తీసుకుందామా? గోడ పక్కన కూర్చున్నారే, మీరు గువ్వ వాళ్లమ్మగారేనా? మీకేం కనిపిస్తోందండీ?”

అన్ని తలలూ తనవైపు తిరిగాయి. బోర్డు మీది అక్షరాలు అలుక్కుపోయాయి. తన నోటి నుంచి వచ్చిన మాట తనకే ఎక్కడినుంచో వినిపించినట్టుంది.

“కాదండీ. నేను పక్కింటావిడని. వాళ్లమ్మకి వీలుకాలేదు.”

గువ్వ ఈసారి వెనక్కి తిరగలేదు. మెల్లగా కూర్చుంది.

సాయంత్రం పిల్ల ఇంటికొచ్చి సంచీ మూలన పెట్టి, కాళ్లు కడుక్కుని వంటింటి గుమ్మంలో నిలబడింది.

“ఆకలేస్తోంది. ఏమన్నా ఉంటే పెడతారా, ఆంటీ?”

అత్తగారు పకపకా నవ్వింది. “ఇదేం కొత్త వరసే? రేపు నన్ను మేడం అంటావా?” కోడలి ముఖం చూసి ఆ నవ్వు ఆపేసింది. “ఏం జరిగింది?”

గువ్వే చెప్పింది, ఒక్క మాట కూడా పెంచకుండా.

“ఎంత మాటన్నావే,” అంది అత్తగారు కోడలితో, గొంతు తగ్గించి.

“ఏం తప్పు మాట్లాడతానో అని భయమేసింది అత్తయ్యా. నావల్ల దాని పరువు…”

“నా పరువు కాదు,” అంది గువ్వ. “అందరూ నన్ను చూసి నవ్వితే పర్లేదనుకున్నావు. నిన్ను చూసి నవ్వుతారేమో అని నన్ను వదిలేశావు. నువ్వు చెప్పమన్నదే కదా నేను చెప్పింది.”

స్టవ్ మీద పాలు పొంగి, మంట చుట్టూ చుయ్‌మన్నాయి. ఆమె గుడ్డతో తుడుస్తూనే ఉంది, తుడవడానికి ఏమీ మిగలకపోయినా. సిగ్గుతో చెవులు మండిపోతున్నాయి. గైడు అర్థం తప్పయినందుకు కాదు. ఆ పిల్ల ఒంటరిగా ఎలా కూర్చుందో, ఆ వీపు కళ్లముందు నుంచి కదలడం లేదు.

మర్నాడు ఎవరికీ చెప్పకుండా బడికి వెళ్లింది. తరగతి ఇంకా మొదలుకాలేదు. గుమ్మంలో టీచరు కనిపించింది.

“నేను గువ్వ వాళ్లమ్మనండీ. నిన్న వచ్చింది నేనే.”

“నాకూ అనుమానం వచ్చింది,” అంది టీచరు. “ మీరు వెళ్లాక పిల్లని అడిగాను. ‘పక్కింటావిడేనండీ, మా అమ్మకి ఒంట్లో బాగోలేదు’ అంది. ఎంత అడిగినా అదే మాట.”

ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఇంట్లో ఆంటీ అని పొడిచిన పిల్ల, ఇక్కడ తల్లి అబద్ధాన్ని తన నెత్తిన వేసుకుంది. మోసుకుంటూనే ఇంటికొచ్చింది.

“ఏడవకండి. లోపలికొచ్చి కూర్చోండి. నిన్నటి కవిత ఇంకా పూర్తవలేదు.”

ఆమె లోపలికి నడిచింది. గువ్వ చూసి బిగుసుకుపోయింది. పక్కనున్న పిల్ల మోచేత్తో పొడిచి, అందరికీ వినబడేలా గుసగుసలాడింది. “మళ్లీ వచ్చిందేంటే మీ పక్కింటావిడ?”

గువ్వ లేచి నిలబడింది. “ఆవిడ మా అమ్మ. నిన్న నేను అబద్ధం చెప్పాను టీచర్.”

“కాదు,” అంది ఆమె. ఒకరిద్దరు కిసుక్కుమన్నారు. అయినా ఆమె ఆగలేదు. “అబద్ధం చెప్పింది అది కాదు, నేను. నాకు చదువు లేదు. బోర్డు మీద రాసిందానికి అర్థం తెలియక భయపడి, కన్నకూతుర్ని కాదన్నాను.”

గువ్వ తన సంచీ తీసి కింద పెట్టి, బెంచీ మీద పక్కకు జరిగింది.

“ఇక్కడ కూర్చోమ్మా,” అంది. “అర్థం ఇంకా ఎవరికీ తెలీదు. ముందు పైకి చదువుదాం.”