ఆదెమ్మ నాడి

కుజగ్రహం మీది కొత్తగట్టు ఊళ్ళో అన్నం పెట్టుకునే ముందు కంచం బోర్లించి దులపాలి. పడమటి వీధిలోనైతే రెండుసార్లు దులపాలి. ఊరంతటికీ పైన గాజుకప్పు ఉన్నా, ఆ వీధి గాలిజల్లెడ చిరిగి ఏళ్ళు గడిచాయి. పసుపు కన్నా మెత్తని ఎర్రదుమ్ము సందు దొరికిన చోటల్లా దూరేది. ఆ వీధిలో భోజనశాల నడిపే ఆదెమ్మ అన్నం గుండిగకు తడిగుడ్డ కట్టి గాని మూత పెట్టేది కాదు.

లోపలి గదిలో ఆమె తోడికోడలు సింగారమ్మ మంచం పట్టి దగ్గుతోంది. దుమ్ముగాలుల కాలం వచ్చేలోగా జల్లెడ మార్చకపోతే ఆమె ఊపిరితిత్తులు తట్టుకోలేవని డాక్టరు చెప్పేశాడు.

జల్లెడ మార్చవలసింది పంచాయతీ. పంచాయతీలో ఉన్నవి రెండే పార్టీలు. ఊరికి రెండో వాకిలి తూర్పున పెట్టాలని ఎర్రతలుపు పార్టీ, ఉత్తరాన పెట్టాలని నీలితలుపు పార్టీ ఒక తరం నుంచీ కొట్టుకుంటున్నాయి. వాకిలీ రాలేదు, జల్లెడా మారలేదు. దుమ్ము మాట ఎత్తితే చాలు, "ముందు నువ్వు ఏ తలుపో చెప్పు" అనేవారు.

విసిగి వేసారి ఆదెమ్మ తానే ఎన్నికల్లో నిలబడింది. రెండుసార్లు ఓడిపోయింది.

"నువ్వు బంగారం లాంటి మనిషివక్కా. గెలవవు కదా మరి! ఓటు మురిగిపోద్ది" అనేవాడు ట్యాంకరు నడిపే పైడిరాజు, ఆమె వడ్డించిన పప్పే కలుపుకుంటూ.

"ఊరంతా ఇదే కూత కూస్తే నేనెలా గెలుస్తానురా?"

"నేను నీకేశాననుకో, ఆ నీలోళ్ళు ఎక్కి కూర్చుంటారు. అప్పుడేటి చేస్తాం?"

"అప్పుడు నీకు మజ్జిగ పొయ్యను. లే, చెయ్యి కడుక్కో!"

అక్కడే భోంచేసే శాస్త్రవేత్త యశోవతి ఈ మాటలన్నీ వింటూ ఉండేది. ఒకనాడు చిన్న పెట్టె ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టింది.

"తప్పు మనుషులది కాదు పిన్నీ, ఓటు వేసే మీటది. మీట నొక్కే ముందు మనిషి పక్కవాడి సంగతి ఆలోచిస్తాడు, వేలు భయపడుతుంది. నాడికి భయం తెలీదు. ఇది నాడిపెట్టె. దీని మీద అరచెయ్యి పెడితే, ఒక్కొక్కరూ గెలిచినట్టు బొమ్మ చూపిస్తుంది. ఏ గెలుపు చూసినప్పుడు మన లోపల ఎక్కువ సంతోషం పుడితే ఓటు దానికే వేస్తుంది. మురిగిపోవడం అన్న మాటే ఉండదు."

ఆదెమ్మకు ప్రాణం లేచి వచ్చింది. రెండు పార్టీలూ వద్దన్నాయి. ఆమె పొయ్యి ఆర్పేసి, భోజనశాలకు తాళం వేసి, పంచాయతీ మెట్ల మీద కూర్చుంది. ఊళ్ళో వంట వచ్చినవాళ్ళు బహు తక్కువ. ఆకలికి ఓర్చలేక సభ్యులు నాడిపెట్టెకు చేతులెత్తారు.

ఎన్నికనాడు ఆదెమ్మ చీర కొంగుతో అరచెయ్యి తుడుచుకుని పెట్టె మీద ఆనించింది. తాను గెలిచి కొత్త జల్లెడ బిగింపిస్తున్న బొమ్మ కనబడింది. బాగుందనుకుంది. తరువాత మిగతా ఇద్దరివీ వచ్చాయి. "అయిపోయిందమ్మా" అంది పెట్టె.

సాయంత్రానికి ఫలితం చెప్పారు. ఎర్రతలుపు గెలిచింది. నీలితలుపు కొద్దిలో ఓడింది. ఆదెమ్మకు వచ్చింది సున్నా.

ఆమె విసవిసా వెళ్ళి పెట్టె ముందు నిలబడింది. యశోవతి వెనకే పరుగెత్తింది.

"ఒసే పెట్టే! ఊరి సంగతి సరే, నా ఓటేదే?"

"ఎర్రతలుపుకు పడిందమ్మా."

"నీ మొహం మండ! ఆ దద్దమ్మలకు నేనెందుకు వేస్తాను?"

"వాళ్ళు గెలవాలని మీకేమీ లేదమ్మా. మీరు గెలిచిన బొమ్మ చూసినప్పుడు మీ నాడి నిదానంగా ఉంది, రేపు చెయ్యాల్సిన పనులు తలుచుకుంటున్నట్టు. ఎర్రతలుపు గెలిచినప్పుడు భానోజీరావు తల వంచుకుని మెట్లు దిగుతాడు కదా, అది చూసి గంతులు వేసింది."

నీలితలుపు నాయకుడు భానోజీరావు, ఆమె భర్త శవం వెళ్తుంటే తన ఊరేగింపు దాటేదాకా పాడెను పక్కన నిలబెట్టించినవాడు. ఆ సంగతి మరిచిపోయాననే ఆమె అనుకుంటూ వచ్చింది.

"అందరిదీ ఇదే వరసమ్మా. మీరంటే అందరికీ ఇష్టమే. ఇష్టానికి నాడి అంతగా ఎగరదు" అంది పెట్టె.

యశోవతి పెట్టె తెరిచి చూసింది. "పెట్టెలో లోపమేమీ లేదు పిన్నీ" అంది, ఏడుపు గొంతుతో.

"తగలెయ్యి దాన్ని! పాత మీటైతే కడుపులో ఎంత కుళ్ళున్నా వేలు నా మాట వినేది. నా ఓటైనా నాకు పడేది."

తిట్టుకుంటూనే ఇల్లు చేరింది. అప్పటికే వీధిలో ఎర్రతలుపు వాళ్ళ డప్పులు మొదలయ్యాయి. వాళ్ళు చిందులేసిన చోటల్లా దుమ్ము లేస్తోంది. సింగారమ్మ మోచేతి మీద లేచి కూర్చుంది.

జల్లెడ రాదన్న మాట ఆమెతో ఎలా చెప్పడం? ఆదెమ్మ మంచం పక్కన కూలబడింది.

"సింగారీ, నేను ఓడిపోయానే..."

"అది సరేలే అక్కా, తెలిసిందేగా. ముందు ఆ భానోజీగాడి మొహం ఎలా ఉందో చెప్పు!"

ఆదెమ్మకు ఒళ్ళు మండిపోయింది. చచ్చేదానా, నీ ఊపిరి కోసమేనే ఇదంతా, అని అరవబోయింది.

"కాల్చిన వంకాయలా ఉందే" అంది.

సింగారమ్మ పకపకా నవ్వింది. ఆదెమ్మకూ ఆగలేదు. నవ్వు మధ్యలోనే సింగారమ్మను దగ్గు అందుకుంది, ఎంతకీ వదలలేదు. ఆదెమ్మ లేచి కిటికీ సందులో తడిగుడ్డ కుక్కింది. ఆమెకు నవ్వు ఇంకా ఆగలేదు. గుడ్డ చూస్తుండగానే ఎర్రబడింది.