అంటుకుపోయిన ట్యూబు

శుక్రవారం పొద్దున్న వినీల పాలగిన్నె పొయ్యి మీద పెట్టి పెరట్లోకి తొంగిచూసింది. వాళ్ళ నాన్న విజయ్ పాల్ గారు కుళాయి దగ్గర పీట వేసుకుని, సబ్బునీళ్ళ బకెట్లో సైకిల్ ట్యూబు ముంచి తోముతున్నారు. ట్యూబంతా తెల్లగా, జిగురుగా ఉంది. ఆయన వేళ్ళకీ, బనీనుకీ, గడ్డానికీ కూడా ఆ జిగురే.

ఆమె ట్యూబు వంక చూడలేదు. ఆయన భుజాలు ఎంత వేగంగా లేచి పడుతున్నాయో చూసింది. ఏడాదిగా అదే అలవాటైపోయింది.

విజయ్ పాల్ గారు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. రెండేళ్ళ కిందట భార్య బేబి గారు కుర్చీలో కూర్చుని కాఫీ తాగుతూనే పక్కకి ఒరిగిపోయారు. లేపేలోపే అయిపోయింది. ఆ మరుసటి ఏడే ఈయనకి గుండెపోటు వచ్చి స్టెంటు వేశారు. ఒక్కతే కూతురు వినీల, రాజమండ్రిలోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. అమ్మ విషయంలో తాను పక్కగదిలో ఉండి కూడా ఏమీ చేయలేకపోయానన్న బాధ ఆమెని వదల్లేదు.

స్టెంటు వేసిన ఆరు నెలలకి రోజూ కొంచెం ఒళ్ళు కదపమని డాక్టరు చెబితే, ఆయన లావు టైర్ల మౌంటెన్ బైక్ కొనుక్కొచ్చారు. మొదట వీధి చివరి దాకా, తర్వాత లాలాచెరువు దాకా, ఇప్పుడు కోరుకొండ రోడ్డు దాకా. ఆ దారుల్లో తుమ్మముళ్ళు ఎక్కువని టైర్లలో ట్యూబు తీయించి పాలలాంటి సీలెంటు పోయించారు. ముల్లు దిగితే ఆ ద్రవమే బెజ్జాన్ని మూసేస్తుంది. మొన్న మాత్రం రాయి కోసుకుని టైరు పెద్దగా చిరిగింది. దారిలో ఆపి ట్యూబు వేసుకుని ఇంటికొచ్చారు. ఇప్పుడు టైరు బాగుచేయించి ఆ ట్యూబు బయటికి తీస్తే దాని ఒంటినిండా సీలెంటే.

పారేసి కొత్తది కొనుక్కోకూడదా అని వినీల అడిగింది. ఈ కొలత ట్యూబు మన ఊళ్ళో దొరకదనీ, తెప్పించుకోవడానికి వారం పడుతుందనీ, బాగున్నదాన్ని పారేయడం దేనికనీ ఆయన అన్నారు. పాఠం చెబుతున్నట్టే చెప్పుకొచ్చారు. ఎండిన పొరని బొటనవేలితో రుద్దితే ఉండలు కట్టి రాలిపోతుంది. రాలనిచోట మళ్ళీ సబ్బునీళ్ళు పెట్టాలి. బాగా ఆరాక పౌడరు చల్లి చుట్టుకోవాలి.

"తడి మీదే చుట్టేశామనుకో, పొరకి పొర అంటుకుపోతుందమ్మా. అవసరానికి విప్పబోతే చిరుగుతుంది," అన్నారు.

ఆమె ఊఁ కొట్టింది.

ఫలహారం దగ్గర గొడవ మొదలైంది. విశాఖపట్నంలో పెద్ద ఆసుపత్రి వాళ్ళు వినీలని గుండె జబ్బుల ఐసీయూలోకి తీసుకుంటామన్నారు. ఆమె రానని చెప్పేసింది. ఆ సంగతి నిన్న ఆమె స్నేహితురాలు హేమశ్రీ ఫోనులో ఆయన చెవిన వేసింది. తనతో ఒక్కమాట చెప్పలేదేమని ఆయన అడిగారు. చెబితే వెళ్ళమంటారని చెప్పలేదంది. రెండుసార్లు అడిగినా అదే జవాబు. ఆయన ప్లేటు పక్కకి జరిపారు.

"నా పేరు చెప్పి నీ బతుకు ఆపుకోవద్దు, వినీలా."

"మిమ్మల్ని ఎవరి మీద వదిలి వెళ్ళమంటారు నాన్నగారు? ఆ సైకిలు మీదా?"

ఆయన లేచి, ట్యూబుని దండెం మీద ఆరేసి, బజారుకి వెళ్ళిపోయారు.

సాయంత్రం లూథరన్ చర్చి స్త్రీల సమాజం వాళ్ళు వినీల వాళ్ళింట్లో ప్రార్థన కూటం పెట్టుకున్నారు. పెరట్లో చాపలు వేయాలి. దండెం మీద ట్యూబు ఇంకా వేలాడుతోంది. ముట్టుకుంటే తడిగా ఉంది, ఒకచోట తెల్లపొర వేలికి అంటింది. వినీల ఒక్క క్షణం ఆగింది. పొద్దున్న ఆయన చెప్పిందంతా గుర్తుంది. అయినా దాన్ని లాగి బిగించి చుట్టి, సైకిలు సీటు కింది సంచిలో కుక్కి జిప్పు వేసేసింది. ఆ నిమిషానికి ఆ సైకిలు మీదున్న కోపమంతా ఆమె చేతుల్లోకి వచ్చింది.

శనివారం ఐదున్నరకే ఆయన బయల్దేరారు. ఆమెకి సెలవు. అన్నం వండి, పులుసు పెట్టి, తొమ్మిదికి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఎప్పుడూ తొమ్మిది దాటేది కాదు. తొమ్మిదిన్నరకి ఫోను చేస్తే అందుబాటులో లేదంది. పది గంటలకీ అంతే. వంటింట్లోకి వెళ్ళి మంచినీళ్ళు తాగబోయిన వినీల గ్లాసు పక్కన పెట్టేసింది. ట్యూబు గుర్తొచ్చింది.

పక్కింటి ఏసురాజు గారు నాన్నకి ఈడువారు, రైల్వేలో చేసి రిటైరయ్యారు. ఆమె పరుగున వెళ్ళి చెప్పేసరికి ఆయన మోటారుసైకిలు బయటికి తీశారు. కోరుకొండ రోడ్డంతా చూద్దాం అంది వినీల. ఏసురాజు గారు ఇబ్బందిగా తల గోక్కున్నారు.

"రోడ్డు మీద కాదమ్మా. నెల నుంచి పోలవరం కాలువ గట్టెక్కి వెళ్తున్నాడు. నీతో చెప్పొద్దన్నాడు."

గట్టు మీద చెట్టూ పుట్టా లేదు. గులకరాళ్ళూ, ఎర్రమట్టీ, ఎండా. ఫోనులో సిగ్నలు గీతలు ఒక్కొక్కటే పోయాయి. వినీల వెనక కూర్చుని ప్రార్థన చేయబోయింది గానీ మాటలు రాలేదు. ఛాతీలో నొప్పి మొదలయ్యాక ఎన్ని నిమిషాలు, ఆసుపత్రి ఎన్ని కిలోమీటర్లు, అదొక్కటే తిరుగుతోంది బుర్రలో. నర్సు కావడం వల్ల ఆమెకి తెలియకపోతే బాగుండుననిపించేవన్నీ తెలుసు.

ఇరవై నిమిషాలు పోయాక సైకిలు కనపడింది. కిలోమీటరు రాయికి ఆనించి ఉంది, వెనక టైరు మళ్ళీ కోసుకుపోయింది, చక్రం ఊడదీసి పక్కన పడేసి ఉంది. చక్రం పక్కన ట్యూబు. పొరకి పొర అతుక్కుని, విప్పబోయినచోట వాల్వు దగ్గర జానెడు చిరిగిపోయి ఉంది. మనిషి లేడు.

ఆమె మోటారుసైకిలు దిగి "నాన్నగారూ" అని పిలిచింది. కాలువ వైపు వంగి చూసింది. మళ్ళీ గట్టిగా పిలిచింది. ఏసురాజు గారు ముందుకెళ్ళి, గట్టు కింద పొలంలో ఉన్న మోటారు షెడ్డు వైపు చేయి ఊపారు.

షెడ్డు నీడలో నులకమంచం మీద ఆయన కళ్ళు మూసుకుని పడుకుని ఉన్నారు. పొలం పని చేసుకునే లోవలక్ష్మి అనే ఆమె తడిగుడ్డతో ఆయన పాదాలు తుడుస్తోంది. గట్టు దిగుతూ దిగుతూ కూలబడ్డారనీ, తనే పట్టుకుని తీసుకొచ్చి మజ్జిగ ఇచ్చాననీ చెప్పింది.

వినీల నాడి పట్టుకుంది. వేగంగా ఉంది గానీ తప్పడం లేదు. నొప్పుందా అని అడిగింది. కాసేపు పట్టేసినట్టుందనీ, ఇప్పుడు లేదనీ ఆయన అన్నారు. లోవలక్ష్మి భర్త ఆటో పిలుచుకొచ్చాడు. గంటలో రాజమండ్రి ఆసుపత్రిలో ఉన్నారు. ఈసీజీ తీశారు, రక్తపరీక్ష చేశారు, మూడు గంటల తర్వాత మళ్ళీ చేశారు. గుండెకేమీ కాలేదనీ, ఎండదెబ్బకి నీరసించారనీ, గుక్కెడు నీళ్ళు లేకుండా ఆ ఎండలో అంతసేపు ఉండడం తప్పనీ డాక్టరు మందలించారు. అప్పటికి సాయంత్రం నాలుగైంది.

సెలైను ఎక్కుతుంటే వినీల మంచం పక్కన కూర్చుంది. కూతురి మొహం చూసి ఆయనే ముందు మాట్లాడారు.

"తప్పు నాదేనమ్మా. ట్యూబు సరిగ్గా ఆరిందో లేదో చూసుకోకుండా చుట్టేసుంటాను. పెద్దతనం."

ఆమె తల వంచుకుంది. ఊరుకుంటే అది ఆయన తప్పుగానే మిగిలిపోతుంది. ఎవరూ అడగరు కూడా.

"మీరు చుట్టలేదు నాన్నగారు. నేను చుట్టాను. తడిగా ఉందని తెలుసు. అంటుకుపోతుందని మీరు చెప్పారని కూడా తెలుసు. తెలిసే చుట్టాను." తలెత్తి ఆయన వంక చూసింది. "మీరు దారిలో ఆగిపోవాలని కాదు. విసుగొచ్చి సైకిలు మానేస్తారేమోనని. మిమ్మల్ని నేనే చంపుకునేదాన్ని."

ఆయన కోప్పడితే బాగుండుననిపించింది ఆమెకి. ఆయన మాత్రం సూది లేని చేత్తో ఆమె తల నిమిరారు.

తానూ ఒక అబద్ధం ఆడాననీ, రోడ్డు మీదే వెళ్తున్నానని చెప్పి గట్టెక్కాననీ ఆయన అన్నారు. అంత దూరం ఎందుకు వెళ్ళాల్సొచ్చిందని ఆమె అడిగింది.

"ముప్ఫై కిలోమీటర్లు ఏ ఆయాసం లేకుండా తొక్కిన రోజు నీకు చెబుదామనుకున్నాను. చూడమ్మా, నాన్నకి బాగైపోయింది, ఇక నువ్వు వెళ్ళొచ్చు అని. నేను నిద్రపోతుంటే నువ్వు తలుపు దగ్గర నిలబడి నా ఊపిరి లెక్కపెట్టడం నాకు తెలుసు. ఇరవై ఆరేళ్ళ పిల్ల చేయాల్సిన పని కాదది. మీ అమ్మ ఉంటే నన్ను క్షమించదు."

వినీల మంచం పట్టెకి తల ఆనించి ఏడ్చింది. అమ్మ పోయినప్పుడు పనుల్లో పడి ఏడవలేకపోయిన ఏడుపు కూడా అందులోనే కలిసింది. ఆయన ఆపమనలేదు.

ఇంటికొచ్చాక ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. ఒంటరిగా గట్టెక్కకూడదు, ఏసురాజు గారు కూడా ఒక సైకిలు చూసుకుంటారు. నీళ్ళూ, చార్జింగున్న ఫోనూ, గుండె మాత్రా లేకుండా గుమ్మం దాటకూడదు. ఎటు వెళ్తున్నదీ నిజం చెప్పాలి. ఇవన్నీ ఆమెవి. ఆయనది ఒక్కటే. సోమవారం ఆమె విశాఖకి ఫోను చేసింది. ఆ ఖాళీ ఇంకా అలాగే ఉందన్నారు.

రెండు వారాల తర్వాత స్టేషనులో, అన్నాళ్ళూ ధైర్యం చెప్పిన మనిషి కిటికీ ఊచ వదల్లేకపోయారు. నీళ్ళ సీసా ఉందా అని మూడుసార్లు అడిగారు. తలుపు దగ్గర నిలబడొద్దన్నారు. రైలు కదులుతుంటే పక్కనే నడుస్తూ, సామర్లకోటలో ఒకసారి, తునిలో ఒకసారి, అనకాపల్లిలో ఒకసారి ఫోను చేయమన్నారు. ఏసురాజు గారు చెయ్యి పట్టుకుని ఆపాల్సొచ్చింది.

"నా గురించి భయపడకండి నాన్నగారు," అంది వినీల.

"అదెలా కుదురుతుందమ్మా," అన్నారు ఆయన, కళ్ళు తుడుచుకుంటూ.

సామర్లకోటలో రైలు ఆగగానే ఆమె ఫోను చేసింది. ఒక్క రింగు పూర్తికాకుండానే ఆయన ఎత్తారు.