చీనా గుడి తలుపు వెనక

చీకటి పడ్డాక ఆ చీనా గుడి ముందు ఎవరూ ఆగరు. లోపల్నించి తలుపు తట్టిన చప్పుడు వస్తుందట... అది విని ఆగినవాళ్ళు మళ్ళీ ఇల్లు చేరరట — ఆ ఊరి మాట అది.

వసుమతి ఆంటీ చెప్పగా విన్నాను. 1981లో ఆవిడ అమెరికాలో, శాక్రమెంటోలో చదువుకుంటోంది. నవంబర్లో, థాంక్స్‌గివింగ్ సెలవుల్లో క్లాస్‌మేట్ సుందర్ రాజ్ పాత డాట్సన్ కారులో ఇద్దరూ కొండల్లోకి బయల్దేరారు. బంగారు గనులు చూశారు. ఆ గనుల్లో పని చెయ్యడానికొచ్చిన చీనావాళ్ళు కట్టుకున్న గుడి ఒక్కటే చూడాల్సి మిగిలింది.

పెట్రోలు పోయించుకున్న గ్యాస్ స్టేషన్‌లో ముసలాయన దారి చెప్పాడు. చెప్పి, గొంతు తగ్గించి — "తలుపు చప్పుడైతే మాత్రం ఆగకండి" అన్నాడు.

దారి తప్పారు. గుడి చేరేసరికి మసక చీకటి. పొగమంచు. ఎర్ర తలుపులు మూసి ఉన్నాయి.

టక్... టక్...

సుందర్ కారు వైపు పరుగెత్తాడు. "ఏసయ్యా... వసుమతిగారూ, వచ్చెయ్యండి!"

ఆంటీకీ పరుగెత్తాలనే అనిపించింది. కానీ ఆ దేశంలో అడుగుపెట్టినప్పట్నించీ 'ఇక్కడ నీకేం పని' అన్న చూపులే. అద్దెకి ఇల్లు లేదన్నవాడొకడు, బస్సులో పక్కసీటులోంచి లేచిపోయినవాడొకడు. ఇప్పుడు దెయ్యం కూడా పొమ్మంటుందా!

"నేను రాను," అంది. వెళ్ళి తనే తలుపు గట్టిగా బాదింది. "ఎవరు లోపల?"

చప్పుడు ఆగింది. తర్వాత... జీరబోయిన సన్నటి గొంతు.

భుజం పెట్టి నెట్టింది. తేమకి ఉబ్బిన తలుపు కిర్రుమంటూ కాస్త తెరుచుకుంది. అగరొత్తుల పాత వాసన. నేలమీద ఏదో కదిలింది —

చల్లటి చెయ్యి ఆంటీ కాలు పట్టుకుంది!

ఆంటీ వెనక్కి గుంజుకోలేదు. వంగి, ఆ చేతినే పట్టుకుంది. ఎముకలు తగిలాయి... వాటి మీద నాడి కొట్టుకుంటోంది.

"సుందర్‌గారూ, టార్చ్ తెండి! మనిషి... ఇక్కడ మనిషి ఉంది!"

ఎనభై దాటిన చీనా ముసలామె. గుడి ఊడ్వడానికొచ్చి జారిపడింది. తుంటి విరిగింది. పొద్దుట్నించీ చీపురు కర్రతో తలుపు కొడుతూనే ఉంది.

"కార్లు ఆగాయి," అంది. "చప్పుడు విని వెళ్ళిపోయాయి."

సుందర్ అంబులెన్స్‌కి ఫోన్ చెయ్యడానికి పరుగెత్తాడు. అది వచ్చేదాకా ఆమె ఆంటీ చెయ్యి వదల్లేదు. గుసగుసగా చెప్పింది —

"నా చిన్నప్పుడు... చీనావాళ్ళని ఊళ్ళోంచి తరిమెయ్యాలని ఈ ఊరి తెల్లవాళ్ళు వచ్చారు. మా నాన్నని కొట్టి, ఇక్కడే పడేసి, తలుపుకి బయట మేకులు దిగ్గొట్టారు. రాత్రంతా తట్టాడు. వీధంతా విన్నది. ఒక్కరూ తియ్యలేదు. ఆయన పోయాక... దెయ్యం అన్నారు."

మర్నాడు ఆమెని ఆసుపత్రిలో చూసి, ఆంటీ నేరుగా గ్యాస్ స్టేషన్‌కి వెళ్ళింది. "మనకెందుకండీ, వెళ్ళిపోదాం" అని సుందర్ బతిమాలుతూనే ఉన్నాడు.

"మీరంతా చెప్పుకునేది దెయ్యం కాదు," అంది ముసలాయన ఎదురుగా నిలబడి. "తలుపుకి మేకులు కొట్టి చంపిన మనిషి. ఆ గుడి ఊడ్చే ఆవిడ తండ్రి."

ముసలాయన పంపు తుడుస్తున్నవాడల్లా ఆగాడు. తల ఎత్తలేదు.

"తెలుసు," అన్నాడు మెల్లిగా. "ఈ ఊళ్ళో అందరికీ తెలుసు."