ఆదివారం కదలని రేవు

షాంటిలీలో ఆ ఇండియన్ గ్రోసరీ షాపు మేడమీద ఒక చిన్న గది ఉంది. తలుపుకు ట్యాక్స్ కన్సల్టెన్సీ బోర్డు. కింది నుంచి ఇంగువ వాసన. 2005 సెప్టెంబరులో ఒక ఉదయం ఆ గదిలోకి వీరాంజనేయులు అడుగుపెట్టేసరికి రాజారావు కిటికీ బ్లైండ్స్ దించుతున్నాడు.

"కూర్చోవయ్యా. మోకాలెలా ఉంది?"

"మోకాలి సంగతి అడిగారంటే దూరం పంపిస్తున్నారన్నమాట."

రాజారావు నవ్వలేదు. బల్లమీద ఒక ఫొటో పెట్టాడు. ఎర్ర కోటు, నల్ల కళ్ళద్దాలు, సినిమా తారలాంటి ముఖం. వీరాంజనేయులుకు ఫొటో చూడాల్సిన అవసరం లేకపోయింది. దేదీప్య. క్యారీలో పుట్టి పెరిగిన తెలుగు పిల్ల. ఈ గూఢచారి ఉద్యోగంలోకి తెచ్చిందీ, ట్రెయినింగ్ ఇచ్చిందీ తనే. రెండేళ్లుగా కోర్విన్ అనే స్మగ్లర్ ముఠాలో వాళ్ల మనిషిగా నటిస్తూ రాజారావుకు పనిచేస్తోంది.

"మూడు వారాలుగా ఒక్క మెసేజ్ లేదు," అన్నాడు రాజారావు. "మన ల్యాబ్‌లో దొంగిలించిన నావిగేషన్ చిప్ ఇప్పుడు ఆమె దగ్గరుంది. అది కోర్విన్ చేతిలో పడితే, విమానం ఎక్కడుందో పైలట్‌కి అబద్ధం చెబుతుంది. కొండను చూపించకుండా కొండలోకే తీసుకుపోతుంది. స్కాట్లాండ్ పడమటి దీవుల్లో హ్యాండోవర్. కోర్విన్ స్వయంగా వస్తాడు."

"ఆమె మనవైపే ఉందా?"

"అది తెలుసుకోవడానికే నువ్వు. లేదని తేలి, చిప్‌తో పడవ ఎక్కబోతే..." రాజారావు ఒక బైనాక్యులర్స్ ముందుకు జరిపాడు. "ఎడమ గొట్టంలో మైక్రోఫోన్. కుడి గొట్టంలో బుల్లెట్. ఒకటే."

"ఎవరికి సార్ ఆ ఒకటి?"

"పడవ ఎక్కేవాళ్లకి."

వీరాంజనేయులు బైనాక్యులర్స్ మెడలో వేసుకున్నాడు. అంత బరువైన వస్తువేం కాదు. అయినా మెట్లు దిగుతుంటే మెడ వంగిపోయింది.

*

స్కాట్లాండ్‌లోని ఆబన్ రేవులో ఫెర్రీ ఎక్కేటప్పుడు వాన. బారా దీవిలో దిగేటప్పుడూ వాన. పక్షులు చూడటానికొచ్చిన రిటైర్డ్ ప్రొఫెసర్ వేషం ఆయనది. నిజంగా పక్షులు కనిపించినా చూసే ఓపిక లేదు. భార్య సుధ కట్టిచ్చిన పులిహోర మొదటి రోజే అయిపోయింది. తరువాతంతా టోస్టు, టీ.

దీవి చివరిదాకా బస్సు. అక్కడ చిన్న ఫెర్రీ. దిగితే ఇంకో దీవి, ఇంకో బస్సు. డ్రైవరు ఒక గేటు దగ్గర ఆగి మందుల సంచి అందిస్తాడు, మరోచోట న్యూస్‌పేపరు విసురుతాడు. ఎక్కినవాళ్లందరూ అతనితో తమ గేలిక్ భాషలో ఏదో అంటారు, అతను మళ్లీ ఏదో అంటాడు, బస్సంతా నవ్వుతుంది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా వీరాంజనేయులుకు ఆ నవ్వు తన ఊరి ఆర్టీసీ బస్సులోదిలాగే అనిపించింది.

మూడు సీట్లు ముందు ఎర్ర కోటు. ఆమె వెనక సీట్లో బొటనవేలికి కట్టు కట్టుకున్న కోర్విన్ మనిషి. ఆ మనిషి నిద్రపోడు, కిటికీలోంచి చూడడు.

హారిస్ దీవికి దాటే ఫెర్రీలో అవకాశం దొరికింది. కట్టు మనిషి టీకి వెళ్లాడు. వీరాంజనేయులు రెయిలింగ్ దగ్గర ఆమె పక్కన నిలబడి కోడ్ వర్డ్ అడిగాడు.

"ఎక్స్‌క్యూజ్ మీ, ఈ సముద్రంలో సీల్స్ కనిపిస్తాయా?"

దేదీప్య 'వేసవిలో మాత్రమే' అనాలి. అనలేదు. అద్దాలు కూడా తీయలేదు.

"నో ఐడియా, సర్. ప్లీజ్, ఐ వాంట్ టు బి అలోన్."

ఆమె వెళ్లిపోయింది. ఆయన ఆ ఇనుప రెయిలింగ్ పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

*

ఆ రోజు శనివారం. రేవు పక్కన ఒక ముసలావిడ ఇంట్లో గది తీసుకున్నాడు. ఆమె పేరు పెగీ మెక్అస్కిల్. సాయంకాలం ఆమె ఆరేసిన బట్టలన్నీ ఇంకా తడిగానే లోపలికి తెచ్చింది. మరునాటికి కావలసిన బంగాళాదుంపలు అప్పుడే చెక్కు తీసి నీళ్లలో వేసింది.

"ఏమైనా కావాలంటే ఇప్పుడే అడగండి," అంది. "రేపు ప్రభువు దినం. బస్సు లేదు, ఫెర్రీ లేదు, అంగడి లేదు. మీకు భోజనం పెట్టనా?"

"శనివారం ఒక్కపొద్దండి నాకు. రాత్రి పాలు చాలు."

పెగీ ఆయన్ని కొత్తగా చూసింది. "అయితే మీకూ ఒక రోజుందన్నమాట," అని పాలు వెచ్చబెట్టింది. అందులో చక్కెర కాస్త ఎక్కువే వేసింది.

గ్లాసు చేతిలో పట్టుకుని ఆయన కిటికీ దగ్గర కూర్చున్నాడు. ఎదుటి హోటలు ముందు కోర్విన్ నిలబడి ఉన్నాడు. తెల్ల గడ్డం, గొర్రెతోలు కోటు. పక్కన దేదీప్య. ఎడమ గొట్టం పనిచేసింది.

"ఆదివారమే ఎందుకు?" కోర్విన్ గొంతు.

"ఆ రోజు ఇక్కడ ఎవరూ కదలరు," దేదీప్య గొంతు. "పన్నెండుకి అందరూ చర్చిలోనే ఉంటారు. ఒంటిగంట దాకా బయటికి రారు. రేవంతా మనదే."

"బ్యూటిఫుల్," అన్నాడు కోర్విన్.

వీరాంజనేయులు బైనాక్యులర్స్ దించాడు. ఊరంతా కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలుచుకునే వేళను ఇలాంటి పనికి ఎంచుకుందా ఈ పిల్ల? ఇంత చెడిపోయిందా? చాలీసా మొదలుపెట్టాడు. సగంలో ఆగిపోయాడు. స్వామీ, లంకలో నువ్వు మండే తోకతో దూకినప్పుడు, ఏ ఇంట్లో ఎవరున్నారో ఒక్క క్షణమైనా ఆలోచించావా? అడగకూడని ప్రశ్నే. అడిగేశాక లెంపలు వేసుకున్నాడు.

*

మరునాడు వాన లేదు. పీతల బుట్టలు పేర్చిన చోట ఆయన దాక్కున్నాడు. ఒడ్డున, రేవుకు ఎదురుగా బూడిదరంగు చర్చి. లోపల ఒక మగగొంతు చరణం ఎత్తుకుంటోంది, వెనకాల అందరూ అందుకుంటున్నారు. భజన నడిచినట్టే ఉంది. రేవుచివర ట్రాలర్, పెద్ద చేపల పడవ, కట్టి ఉంది. దాన్ని నడిపే స్కిప్పర్ అద్దెకొచ్చిన మనిషి, పక్క దీవివాడు.

కోర్విన్, కట్టు మనిషి, మధ్యలో దేదీప్య, రేవుమీద నడిచొచ్చారు. పడవకు పలక వేశారు.

పాట ఆగింది.

స్కిప్పర్ ఇంజన్ వేశాడు. ఆ నిశ్శబ్దంలో ఆ మోత తపేలా మీద గరిటెతో కొట్టినట్టు ఊరంతా మోగింది. దేదీప్య పలక మీద కాలు పెట్టింది. వీరాంజనేయులు కుడి గొట్టాన్ని ఎర్ర కోటుకు గురిపెట్టాడు. వేలు మీట మీదుంది. అమ్మా, వెనక్కి తిరుగు. ఒక్కసారి తిరుగు.

చర్చి తలుపులు తెరుచుకున్నాయి.

ముందు ఒక నల్లకోటు పెద్దాయన వచ్చాడు. వెనక టోపీలు పెట్టుకున్న ఆడవాళ్లు, కొత్త బూట్ల పిల్లలు, భుజాలు వెడల్పైన జాలరులు, అందరూ నల్లబట్టల్లోనే. ఎవరూ అరవలేదు. పరుగెత్తలేదు. ఇంజన్ మోత వచ్చిన వైపు నడిచారు. ఇరుకైన రేవు నిండిపోయింది.

పెద్దాయన పడవకేసి చూసి గేలిక్‌లో ఒక్క మాటన్నాడు. స్కిప్పర్ ముఖం పాలిపోయింది. తలమీది టోపీ తీసి, ఇంజన్ ఆపేశాడు.

"స్టార్ట్ చెయ్!" కోర్విన్ అరిచాడు.

"ఆయన మా అమ్మకి మేనమామ," అన్నాడు స్కిప్పర్. "నా వల్ల కాదు."

దేదీప్య పలక మీదినుంచి కాలు వెనక్కి తీసుకుంది. కోర్విన్ వెనక్కి తిరిగాడు. ఎదురుగా గోడలాగా జనం. వాళ్లు చేయెత్తలేదు, పక్కకూ తప్పుకోలేదు. అతని చెయ్యి కోటు లోపలికి పోయింది.

"అక్కడే ఉంచు," అన్నాడు వీరాంజనేయులు, బుట్టల వెనకనుంచి లేస్తూ. మోకాలు కలుక్కుమంది. కుడి గొట్టం ఇప్పుడు గొర్రెతోలు కోటుకేసి చూస్తోంది. "నా దగ్గర ఒక్కటే ఉంది. నీకోసం తేలేదు కానీ, ఇచ్చెయ్యగలను."

కోర్విన్ చేతులెత్తాడు. కట్టు మనిషి కూడా, ఎవరూ చెప్పకుండానే. జనంలోంచి ఊరి కానిస్టేబుల్ ముందుకొచ్చి, బైబిల్ భార్య చేతికిచ్చి, జేబులోంచి బేడీలు తీశాడు.

దేదీప్య ఎర్ర కోటు విప్పి నీళ్లలోకి విసిరేసింది. రేవు అంచున కూలబడి, బూటు మడమ తిప్పి చిప్ బయటికి తీసింది.

"ఆ కోటు కాలర్‌లో మైక్ ఉంది అంకుల్. ప్రతి మాటా వాడు వింటాడు. అందుకే ఫెర్రీలో మీకు ఆన్సర్ ఇవ్వలేదు. సారీ."

"మరి ఆదివారం?"

"పోయిన నెల రెక్కీకి వచ్చాను. సండే కార్ స్టార్ట్ చేశాను. ఊరు మొత్తం బయటికి వచ్చింది. సండే బండి తీశావంటే ఎవరు చచ్చిపోయారు అని అడిగారు." ఆమె నీరసంగా నవ్వింది. "ఎవరూ కదలరు అంటే ఎవరూ చూడరు అనుకున్నాడు వాడు, స్టుపిడ్. చర్చ్ పన్నెండుకే అయిపోతుంది. నేను ఒంటిగంట అని చెప్పా. కానీ ప్రేయర్ కొంచెం లేట్ అయింది అంకుల్. నేను పలక మీద వెయిట్ చేస్తున్నా. మీరు ఎక్కడో ఉన్నారు, మీ ఆర్డర్ ఏంటో నాకు తెలుసు."

వీరాంజనేయులు బైనాక్యులర్స్ మెడలోంచి తీసేశాడు. ఇంకో క్షణం తలుపులు తెరుచుకోకపోతే? తన వేలిని ఆపింది దేవుడా, భయమా, వయసా? ఏమో. తన శాలువా తీసి ఆమెకు కప్పాడు.

"లే తల్లీ. నేను దిగిన ఇంటావిడ బంగాళాదుంపలు నిన్ననే చెక్కు తీసిపెట్టింది. వేడిగా ఏదైనా తిందువుగాని."

పెగీ ఇంట్లో ఇద్దరూ తిని, చెరో కుర్చీలో కూలబడ్డాక సాటిలైట్ ఫోన్ మోగింది.

"నీ మెసేజ్ అందింది. శభాష్!" అన్నాడు రాజారావు. "వెంటనే బయల్దేరండి. సాయంత్రానికి చిప్ గ్లాస్గోలో ఉండాలి."

"ఈ రోజు ఫెర్రీ లేదు సార్. బస్సూ లేదు."

"ఫెర్రీ ఎందుకయ్యా? రేవుకి నేను స్పెషల్ బోట్ పంపిస్తాను."

వీరాంజనేయులు కాళ్లు చాపుకున్నాడు.

"వద్దు సార్. ఇందాక ఇక్కడ బోట్ స్టార్ట్ చేసినవాళ్లని అరెస్ట్ చేశారు."